గర్భనిరోధక మాత్ర మీ జీన్స్‌ని (జన్యువుల్ని) ఏం చేస్తుంది, మొదలుపెట్టే ముందు మీరేం చేయాలి

కాన్పుకీ కాన్పుకీ ఎడం కోసమో, పీసీఓడీ కోసమో, పెళ్లయిన కొత్తలో ఇప్పుడే పిల్లలు వద్దనుకునో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే హార్మోన్ మాత్రలు రాస్తుంది. చీటీ పట్టుకుని ఇల్లు చేరేలోపే ఎవరో ఒకరు అనేస్తారు, "ఆ మాత్రలు మింగితే ఒంట్లో జీన్స్ మారిపోతాయంట, పుట్టబోయే పిల్లలకి కూడా ఆ దోషం వస్తుందంట" అని. కావలిలో ఇదే మాట, కనిగిరిలో ఇదే మాట, ఇప్పుడు వాట్సాప్‌లో కూడా ఇదే. విని భయపడి చీటీ చింపేసేవాళ్లు కొందరైతే, ఎవరినీ ఏమీ అడక్కుండా మెడికల్ షాపులో కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్లు ఇంకొందరు. అసలు చూసుకోవాల్సింది మాత్రం ఇద్దరూ చూసుకోవడం లేదు. మాత్ర మీ జీన్స్‌ని మార్చదు, కానీ మీరు పుట్టుకతో తెచ్చుకున్న జీన్స్‌ని బట్టి ఆ మాత్ర మీకు పడుతుందా పడదా అన్నది ఉంటుంది. అందుకే ఏం చేయాలో వరసగా చెబుతాను.

మొదటి పని: కణంలో ఏం జరుగుతుందో ఒక్కసారి అర్థం చేసుకోండి

మాల-ఎన్ లాంటి మామూలు మాత్రలో రెండు హార్మోన్లు ఉంటాయి, ఈస్ట్రోజన్ రకం ఒకటి, ప్రొజెస్టిరాన్ రకం ఒకటి. రక్తంలో కలిసి కణంలోకి వెళ్లాక వీటిని పట్టుకునే రిసెప్టర్లు అక్కడ ఉంటాయి. హార్మోన్, రిసెప్టర్ జతకట్టి కేంద్రకంలో ఉన్న డీఎన్ఏ మీద ఫలానా చోట కూర్చుంటే కొన్ని జీన్స్ ఎక్కువ పనిచేస్తాయి, కొన్ని తగ్గుతాయి. డీఎన్ఏలో ఉన్న అక్షరాలు అట్లాగే ఉంటాయి. కాలువ తూము ఎత్తితే పొలానికి నీళ్లు వస్తాయి, దించితే ఆగిపోతాయి, అంతమాత్రాన పొలం పాసుపుస్తకంలో పేరు మారదు కదా, అదీ లెక్క. మన ఒంట్లో ప్రతి నెలా సొంత హార్మోన్లు చేసే పని కూడా ఇదే.

తూము ఎత్తడం దించడం వల్ల జరిగేవి చిన్నవేమీ కావు, అది కూడా దాచకుండా చెప్పాలి. లివర్ కణాల్లో ఈస్ట్రోజన్ చేసే పని వల్ల రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు, ఫైబ్రినోజెన్ లాంటివి, ఎక్కువ తయారవుతాయి. గడ్డ కట్టకుండా కాపాడే ప్రొటీన్-ఎస్ తగ్గుతుంది. అదే లివర్ మగ హార్మోన్‌ని కట్టిపడేసే ఇంకో ప్రొటీన్‌ని కూడా ఎక్కువ చేస్తుంది, పీసీఓడీ ఉన్న అమ్మాయిలకు మొటిమలు తగ్గేది అందుకే. కొందరికి ముఖం మీద మంగు వచ్చేది కూడా హార్మోన్ ప్రభావమే. మాత్ర ఆపాక ఈ ప్రొటీన్లు కొన్ని వారాల్లోనే మామూలు స్థాయికి వస్తాయి, మంగు మాత్రం నిదానంగా పోతుంది.

మరి డీఎన్ఏ దెబ్బతింటుందని రాసిన పరిశోధనల సంగతేంది అని అడిగేవాళ్లు ఉంటారు. ఉన్నాయి, లేవని చెప్పను. మాత్ర వాడే ఆడవాళ్ల రక్తంలో తెల్లకణాలు తీసుకుని, వాటిలో కేంద్రకం బయట పడివున్న చిన్న చిన్న క్రోమోజోమ్ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టారు, వాటిని మైక్రోన్యూక్లియస్‌లు అంటారు. కొన్ని పరిశోధనల్లో మాత్ర వాడేవాళ్లకు ఎక్కువ కనిపించాయి, కొన్నిట్లో తేడా కనిపించలేదు. చాలావరకు తక్కువ మందితో చేసినవే. అదీకాక పొగ తాగడం, ఎక్స్‌రే, ఫోలిక్ యాసిడ్ తక్కువ కావడం, వయసు పెరగడం, ఇవన్నీ కూడా ఆ లెక్కని పెంచుతాయి. ఫోలిక్ యాసిడ్ దగ్గర మనం చేయగలిగింది ఒకటుంది. మాత్రలు వాడేవాళ్ల రక్తంలో అది కొంచెం తగ్గుతుందని తేలింది కాబట్టి తోటకూర, గోంగూర, పెసలు, శనగలు వారంలో ఎక్కువసార్లు వండుకోండి. ప్రకాశం జిల్లాలో శనగలకు కరువేముంది.

రెండో పని: ఇంట్లో కూర్చుని ఒక కాగితం రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకుని మధ్యలో గీత కొట్టి ఒక పక్క అమ్మ వైపు, ఇంకో పక్క నాన్న వైపు అని రాయండి. మన ఆడవాళ్లు అమ్మ వైపే అడుగుతారు, నాన్న వైపు వదిలేస్తారు. రొమ్ము క్యాన్సర్ జీన్ నాన్న నుంచి కూడా అంతే సులువుగా వస్తుంది, కాబట్టి మేనత్తల గురించి, నాన్నమ్మ గురించి తప్పకుండా అడగండి. మేనరికం పెళ్లి అయితే రెండు వైపులా అవే మనుషులు కనిపించొచ్చు, అయినా రాయండి.

ఏం అడగాలంటే, 50 ఏళ్లలోపు ఎవరికైనా ఒక కాలే వాచిపోయి "లోపల రక్తం గడ్డ కట్టింది" అని డాక్టర్ చెప్పారా? కాన్పు అయిన రోజుల్లో ఉన్నట్టుండి ఆయాసం వచ్చి చనిపోయిన ఆడమనిషి ఉందా? చిన్న వయసులో పక్షవాతం, గుండెపోటు? వరసగా గర్భాలు పోవడం? ఆ తర్వాత క్యాన్సర్లు: రొమ్ము క్యాన్సర్ ఎవరికి వచ్చింది, ఎన్నో ఏట వచ్చింది, అండాశయం క్యాన్సర్ వచ్చిందా, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ములో గడ్డ వచ్చిందా. మన పెద్దవాళ్లు క్యాన్సర్ అని పైకి చెప్పరు, "కడుపులో గడ్డ" అంటారు, "ఏదో జబ్బు చేసి పోయింది" అంటారు, ఇంకా గట్టిగా అడిగితే మాట మార్చేస్తారు. నిదానంగా, పెళ్లిళ్లప్పుడో సంక్రాంతికి అందరూ కలిసినప్పుడో పెద్దమ్మనో పిన్నినో పక్కకి కూర్చోబెట్టుకుని అడగండి. ఎవరి మీదో నింద వేయడానికి అడగడం లేదని, మీ ఒంటి కోసం అడుగుతున్నారని చెప్పండి.

ఇదంతా ఎందుకంటే, రక్తం తొందరగా గడ్డకట్టే గుణం కొన్ని కుటుంబాల్లో జీన్‌లోనే ఉంటుంది. అందులో బాగా తెలిసింది ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్. యూరప్ వాళ్లలో ఇది నూటికి 5 మందికి దగ్గరగా ఉంటుంది, మన దేశంలో చాలా తక్కువ, కానీ గడ్డ కట్టకుండా కాపాడే ప్రొటీన్-సి, ప్రొటీన్-ఎస్, యాంటీథ్రాంబిన్‌ల లోపాలు మన దగ్గర కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 1994లోనే లెక్కగట్టి చూపించారు: ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఉండి మాత్ర కూడా వాడితే గడ్డ కట్టే అవకాశం, ఆ రెండూ లేనివాళ్లతో పోలిస్తే 30 రెట్లు దాటుతుంది. అందుకే ఇలాంటి జీన్ ఉందని తేలినవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెబుతుంది. అట్లాగని అందరూ పరీక్ష చేయించుకోనక్కర్లేదని కూడా అదే సంస్థ చెబుతుంది, ఎందుకంటే జీన్ అరుదు, ఖర్చు ఎక్కువ. మీ కాగితంలో అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్లకో చిన్న వయసులో గడ్డ కట్టినట్టు ఉంటే అప్పుడు పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. ఆన్‌లైన్‌లో "మీ జీన్ రిపోర్ట్ ఇంటికే" అని వేలకు వేలు అడిగే ప్యాకేజీల కోసం డబ్బు పోసుకోవద్దు.

మూడో పని: బీపీ చూపించుకోండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి

బీపీ చూడకుండా మాత్ర రాసే చోట మీరే అడగండి, "మేడమ్, ఒకసారి బీపీ చూడండి" అని. పీహెచ్‌సీలో ఏఎన్ఎం చూసినా చాలు. 140/90 దాటితే ఈ మాత్ర కాదని వేరే పద్ధతి చూస్తారు. తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపులు, వంకరటింకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉంటే ఈస్ట్రోజన్ అస్సలు వద్దు, పక్షవాతం భయం ఉంది. 35 ఏళ్లు దాటి పొగ తాగేవాళ్లకు వద్దు. పొగాకు పండే ప్రాంతం మనది, పల్లెల్లో చుట్ట కాల్చే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అడిగితే సిగ్గుపడి లేదంటారు. డాక్టర్ దగ్గర సిగ్గు పడొద్దు. బిడ్డకు పాలిస్తుంటే ఆరు నెలలు నిండేదాకా ఈ రెండు హార్మోన్ల మాత్ర మొదలుపెట్టకూడదు.

వేరే మందులు ఏం వాడుతున్నారో కూడా చెప్పాలి. ఇక్కడ మళ్లీ జీన్స్ సంగతే వస్తుంది, ఈసారి అటువైపు నుంచి. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ లివర్‌లో మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ల జీన్స్‌ని గట్టిగా తట్టిలేపుతుంది, ఆ ఎంజైమ్‌లు గర్భనిరోధక హార్మోన్‌ని కూడా విరగ్గొట్టి పారేస్తాయి, మాత్ర రోజూ వేసుకుంటున్నా గర్భం రావొచ్చు. ఫిట్స్‌కి వాడే ఫినైటాయిన్, కార్బమజెపిన్‌లతో కూడా ఇదే జరుగుతుంది. లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందుకి ఇంకోలా ఉంటుంది, మాత్ర వల్ల ఆ మందే రక్తంలో తగ్గిపోయి ఫిట్స్ తిరగబడొచ్చు. టీబీ మందులు వాడుతున్నప్పుడు, ఆపాక ఇంకో నాలుగు వారాల వరకు, మాత్రని నమ్ముకోవద్దు. కాపర్-టీ గానీ, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ గానీ అడగండి.

కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్‌లు తేడాగా ఉంటాయి. గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ వాడుతున్న 350 మంది మీద అమెరికాలో చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, సుమారు నూటికి 5 మందికి సీవైపీ3ఏ7 అనే జీన్‌లో ఒక రకం మార్పు ఉండి, వాళ్ల రక్తంలో హార్మోన్ తక్కువగా నిలుస్తోందని తేలింది. మందు సరిగ్గా వాడినా గర్భం వచ్చిన ఆడమనిషిని ఇంట్లోవాళ్లు "నువ్వే మర్చిపోయి ఉంటావ్" అని దెప్పడం నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ తప్పు ఆమెదే కానక్కర్లేదు.

ఏ మాత్ర అన్నది కూడా అడగాలి

పీసీఓడీకి రాసే వాటిలో డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్ అనే ప్రొజెస్టిరాన్ రకాలు ఉన్న మాత్రలు ఎక్కువ. పీహెచ్‌సీలో ఉచితంగా దొరికే మాల-ఎన్‌లో ఉండే ప్రొజెస్టిరాన్ రకం లెవోనార్జెస్ట్రెల్. యూరప్ మందుల సంస్థ 2013లో చెప్పిన లెక్క ప్రకారం మాత్ర వాడని 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి గడ్డ కడితే, లెవోనార్జెస్ట్రెల్ మాత్రతో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరినోన్ లేదా డెసోజెస్ట్రెల్ మాత్రతో 9 నుంచి 12 మందికి కడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు అంతకన్నా ఎక్కువ, కాన్పయిన మొదటి వారాల్లో అయితే చాలా ఎక్కువ. ఖరీదైన మాత్ర అంటే మంచి మాత్ర అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. ఉచితంగా ఇచ్చేది నాసిరకం అనే చులకన మన దగ్గర బాగా ఉంది, ఈ విషయంలో మాత్రం అది సరికాదు.

గడ్డ భయం మొదటి ఏడాదిలో, అందులోనూ మొదటి నెలల్లో ఎక్కువ. ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ భయం కూడా మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి మూడు నెలలు వాడి రెండు నెలలు "ఒంటికి విశ్రాంతి" ఇవ్వడం లాంటివి సొంతంగా చేయొద్దు.

ఈస్ట్రోజన్ పడనివాళ్లకు దారులు మూసుకుపోలేదు. కాపర్-టీలో హార్మోనే లేదు, 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది. ఛాయ మాత్ర ఉంది, లక్నోలోని సీడీఆర్ఐ అనే మందుల పరిశోధనా సంస్థ వాళ్లు తయారుచేసిన సెంట్‌క్రోమన్, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి. పీసీఓడీ ఉన్నవాళ్లకు మాత్రం అది సరిపడదు. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లు నూటికి 70 మంది దాకా ఆపరేషన్ మీదే ఆధారపడుతున్నారు, అందువల్ల మిగతా పద్ధతుల గురించి మాట్లాడే అలవాటే పోయింది. అడిగితేనే చెబుతారు, కాబట్టి అడగండి.

పీరియడ్ వాయిదా మాత్ర కూడా ఈ లెక్కలోదే

దీని గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు, అందుకే ఒత్తి చెబుతున్నాను. తిరుమల టికెట్ దొరికింది, శనివారం మాలకొండ వెళ్లాలి, ఇంట్లో పెళ్లి ఉంది, తేదీ అడ్డం వస్తోంది. ఎవరో ఒకర్ని మెడికల్ షాపుకి పంపిస్తే కౌంటర్‌లో అబ్బాయి నోరెత్తి ఏమీ అడగడు, నోరిథిస్టెరాన్ పట్టీ ఒకటి కాగితం కవర్లో మడిచి ఇస్తాడు. మామూలుగా 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి మూడు, తేదీకి మూడు రోజుల ముందు నుంచి వాడతారు. ఈ మాత్రలో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఈస్ట్రాడియోల్‌గా మారుతుంది, అంటే గర్భనిరోధక మాత్రలో ఉండే ఈస్ట్రోజనే. ఇంత మోతాదులో వాడితే గడ్డ భయం కూడా దాంతో పాటే వస్తుంది. పైగా వాడేది రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చునే ప్రయాణాలకి. ఇది గర్భాన్ని ఆపడానికి ఇచ్చే మాత్ర కూడా కాదు.

వాడొద్దని చెప్పడం లేదు, దర్శనం మీకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. పైన రాసిన కాగితం, బీపీ, మైగ్రేన్ సంగతి చూసుకున్నాకే, డాక్టర్ని అడిగే వాడండి. ఇంట్లో గడ్డ చరిత్ర ఉంటే ఈ మాత్ర కూడా మీకు వద్దు. బస్సులో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, నీళ్లు తాగడం మానొద్దు.

రోజూ వాడేటప్పుడు

మాల-ఎన్ పట్టీ వెనక్కి తిప్పితే బాణం గుర్తులు ఉంటాయి, 28 మాత్రల్లో 21 హార్మోన్‌వి, చివరి ఏడు ఐరన్‌వి, రంగు చూస్తేనే తెలిసిపోతుంది. పీరియడ్ వచ్చేది ఆ ఐరన్ వారంలోనే. రోజూ ఒకే టైముకి, రాత్రి అన్నం తిన్నాక అని పెట్టుకుంటే గుర్తుంటుంది. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతది మామూలు టైముకే వేసుకోవాలి. రెండు, అంతకన్నా ఎక్కువ మర్చిపోతే చివరగా తప్పిన దాన్ని వెంటనే వేసుకుని, మిగతావి కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. అది మూడో వారంలో జరిగితే ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త పట్టీ మొదలుపెట్టండి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, అడుగు వేస్తే నొప్పి పుడుతుంటే రోజంతా నాట్లేసిన నొప్పి అనో, రొయ్యల షెడ్డులో నిలబడ్డ నొప్పి అనో సరిపెట్టుకోవద్దు. పనిచేసిన నొప్పి మామూలుగా రెండు కాళ్లకీ వస్తుంది. కాలికి నూనె రాసి గట్టిగా పిసకొద్దు, గడ్డ కదిలితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి 108కి ఫోన్ చేయండి. నెల్లూరు అయినా ఒంగోలు అయినా హాస్పిటల్‌కి వెళ్లగానే "నేను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను" అన్న మాట మొదట చెప్పండి. పక్కన అత్తగారున్నారనో మామగారున్నారనో ఆ మాట మింగేయొద్దు. ఆ ఒక్క మాటతోనే డాక్టర్‌కి, రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ గుర్తొస్తుంది.

క్యాన్సర్ సంగతి, భయం లేకుండా, దాపరికం లేకుండా

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం ఈ మాత్రల్ని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో పెట్టింది. వాట్సాప్‌లో తిరిగేది ఈ ముక్క వరకే. ఆ గుంపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. అదే సంస్థ ఈ మాత్రలు అండాశయం, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్లని తగ్గిస్తాయని కూడా రాసింది.

అంకెలు చూడండి. డెన్మార్క్‌లో 18 లక్షల మంది ఆడవాళ్ల రికార్డులు చూసి 2017లో చెప్పింది ఏమంటే, హార్మోన్ పద్ధతులు వాడేవాళ్లలో రొమ్ము క్యాన్సర్ నూటికి 20 వంతులు ఎక్కువ. వినడానికి భయంగా ఉంటుంది. మనుషుల లెక్కలో చెబితే 7,690 మంది ఏడాది పాటు వాడితే ఒక కేసు అదనం. అటువైపు, 2008లో 21 దేశాల పరిశోధనల్ని కలిపి చూస్తే, ప్రతి ఐదేళ్ల వాడకానికి అండాశయం క్యాన్సర్ సుమారు ఐదో వంతు తగ్గింది, పదిహేనేళ్లు వాడినవాళ్లలో సగానికి సగం తగ్గింది, ఆపిన తర్వాత కూడా ఆ రక్షణ ఏళ్ల తరబడి నిలిచింది. బీఆర్‌సీఏ అనే రొమ్ము క్యాన్సర్ జీన్‌లో మార్పు ఉన్నవాళ్లలో కూడా అండాశయం వైపు మేలు ఇట్లాగే కనిపించింది, కానీ వాళ్లకు రొమ్ము వైపు లెక్క వేరు. అందుకే మీ కాగితంలో రొమ్ము, అండాశయం క్యాన్సర్లు రెండు మూడు కనిపిస్తే మాత్రకన్నా ముందు క్యాన్సర్ డాక్టర్‌ని కలవండి.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ జీన్స్‌కి హార్మోన్లు కొంత ఊతమిస్తాయని ల్యాబ్‌లో చూశారు, మాత్ర ఐదేళ్లు దాటి వాడినవాళ్లలో ఈ ప్రమాదం పెరుగుతుంది, ఆపిన పదేళ్లకు మాత్ర ఎప్పుడూ వాడనివాళ్లతో సమానం అవుతుంది. 30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ క్యాన్సర్‌ని ముందుగా పట్టే పరీక్ష ఉచితంగా చేస్తారు. నొప్పేమీ ఉండదు, ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ రాసి తెల్లబడుతుందేమో చూస్తారు, ఐదు నిమిషాల పని. ఆడబిడ్డనో, పక్కింటామెనో కూడా తీసుకెళ్లండి.

ఆపాక, పిల్లలు కావాలనుకున్నప్పుడు

అండంలోని డీఎన్ఏని మాత్ర మార్చదు. తెలియక గర్భం వచ్చాక కూడా మాత్రలు మింగినవాళ్ల గురించి డెన్మార్క్‌లో 8,80,000 పైగా పుట్టిన బిడ్డల్ని చూసి 2016లో రాశారు, అవకరాలు వాడినవాళ్లలోనూ వాడనివాళ్లలోనూ ఒకే తీరులో, వెయ్యికి 25 దగ్గరే ఉన్నాయి. మన దగ్గర బిడ్డకు పుట్టుకతో చెవుడో ఇంకోటో వస్తే కోడలు మింగిన మాత్రల మీదకి తోసేస్తారు. అదే ఇంట్లో మేనమామతోనో మేనబావతోనో పెళ్లి జరిగి ఉంటుంది, తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న ఒకే జీన్ లోపం బిడ్డలో కలిసి బయటపడే అవకాశం దగ్గరి సంబంధాల్లోనే ఎక్కువ. ఆ పిల్లని నిందించే ముందు పెద్దవాళ్లు దీన్ని తెలుసుకోవాలి.

మాత్ర ఆపాక నెలా రెండు నెలల్లో చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. అంతర ఇంజెక్షన్ అయితే చివరి డోసు తర్వాత గర్భం రావడానికి మామూలుగా 7 నుంచి 10 నెలలు పడుతుంది, వచ్చే ఏడు బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందే లెక్క వేసుకోండి. పిల్లల కోసం ప్రయత్నించే ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. మధ్యలో పెద్ద ఆపరేషన్ ఏదైనా పడితే నాలుగు వారాల ముందే ఈస్ట్రోజన్ మాత్ర ఆపాలి, ఆ నెల కండోమ్ వాడాలి, మత్తు డాక్టర్‌కి మీరు రాసిన ఆ కాగితం చూపించాలి.